సూర్యకాంతమణి, ఆవిరియంత్రం, నేను చెప్పిన ఒక అబద్ధం



ఎవరినో దులిపివేద్దామని కూర్చుని, చివరికి నన్ను నేనే దులుపుకోవలసి వచ్చిన టపా ఇది. కాస్త పొడుగైనది. ఓపికతో చదవగలరు.

ఇటీవల నా పూర్వవిద్యార్థి ఒకడు వాట్సప్‌లో నాకొక సందేశం పంపాడు. దాని సారాంశం ఇది. మన మహర్షులు సూర్యకాంతమణులతో ఎండను ఒకచోటికి చేర్చి, నీటిని కాచి, ఆ ఆవిరితో యంత్రాలు నడిపేవారట. తెల్లవారు మన తాళపత్రాలు ఎత్తుకుపోయి, ఆవిరియంత్రం తామే కనిపెట్టామని లోకానికి చాటుకున్నారట. నిజమైన భారతీయుడైతే దీనిని పదిమందికి పంపాలట. ఏ గ్రంథమో చెప్పలేదు, ఏ అధ్యాయమో చెప్పలేదు. యంత్రం ఏ ఊళ్ళో నడిచిందో, దానితో ఏమి చేశారో, నీళ్ళు తోడారో పిండి విసిరారో అదీ లేదు. నమస్కారం పెట్టే చేతుల బొమ్మలు మాత్రం ఆరు ఉన్నాయి.

నాకు ఒళ్ళు మండింది. ముప్ఫై ఏళ్ళకు పైగా తెలుగు, అంతో ఇంతో సంస్కృతం చెప్పినవాణ్ణి. ఘాటుగా సమాధానం వ్రాస్తూ ఉండగానే అతడే ఫోను చేశాడు.

"నమస్కారమండీ మాస్టారూ! చూశారా అండీ? మీరు తొమ్మిదో తరగతిలో చెప్పిందే కదండీ అది! మావాడు సైన్సు ఫెయిర్‌లో దీనిమీదే చార్టు వేస్తున్నాడండీ. కింద మీ పేరు కూడా వేస్తానంటున్నాడు."

వ్రాస్తున్న సమాధానం అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే అతడు చెప్పినది నిజం. నేనే చెప్పాను.

అది 1988వ సంవత్సరం. గోదావరి డెల్టాలో ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాల. ఆనాటి పాఠంలో సూర్యకాంతశిల అన్న మాట వచ్చింది. ఎండ తగిలితే నిప్పు కక్కే రాయి అని అర్థం చెప్పి ఊరుకుంటే పోయేది. ఊరుకోలేదు. ఉత్సాహం పొంగి, "చూశారుర్రా, సౌరశక్తి అంటూ ఇవాళ ఎవరెవరో గొప్పలు చెప్పుకుంటున్నారు. మనవాళ్ళకు అది ఏనాడో తెలుసు. రాయితో నిప్పు పుట్టించినవాళ్ళకు ఆవిరియంత్రం నడపడం ఒక లెక్కా? నడిపే ఉంటారు" అన్నాను. "ఉంటారు" అన్నది నా ఊహ. పిల్లల చెవికి చేరేసరికి అది "నడిపారు" అయింది. మాస్టారి నోట వచ్చిన మాటకు సందేహార్థకాలు నిలవవు.

తరగతి అంతా సంబరపడింది. వెనుక బెంచీలోనుంచి ఒక అమ్మాయి లేచి నిలబడింది. వాళ్ళ నాన్న ఊళ్ళోని ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలరు దగ్గర పనివాడు. ధాన్యం ఉడకబెట్టడానికి కావలసిన ఆవిరి కోసం పొద్దస్తమానం పొయ్యిలో ఊక వేస్తూ ఉండేవాడు.

"మాస్టారండీ, మరి మా నాన్న ఊకెందుకు వెయ్యాలండీ? రాయి పెడితే సరిపోద్ది కదండీ?"

పరిహాసంగా అడిగిన ప్రశ్న కాదది. రోజూ సాయంత్రం ఊకదుమ్ముతో, కాలిన చేతులతో ఇంటికి వచ్చే తండ్రిని చూసే పిల్ల అడిగిన ప్రశ్న. నేనేమన్నానో నాకు అక్షరం పొల్లుపోకుండా జ్ఞాపకం ఉంది. "తెలుగు పీరియడ్‌లో సైన్సు ప్రశ్నలేమిటే? కూర్చో." తరగతి నవ్వింది. ఆ అమ్మాయి కూర్చుంది. ఆ ఏడాది పొడుగునా నన్ను మరొక ప్రశ్న అడగలేదు.

నమ్మినవాడు ఇన్నేళ్ళకు నాకు ఫోను చేశాడు. అడిగిన పిల్ల ఎక్కడ ఉన్నదో నాకు తెలియదు. ఈ టపాకు అసలు కారణం అదే.

ఇక వాదంలోకి వస్తాను. ముందు మన గ్రంథాలు నిజంగా ఏమి చెప్పాయో చూద్దాం.

సూర్యకాంతం మనకు కొత్త మాట కాదు. (మా తరానికి ఆ పేరు వినగానే తెరమీది గయ్యాళి అత్తగారు గుర్తుకు రావడం వేరే సంగతి. ఆవిడ నిప్పు కక్కిన మాటా నిజమే!) కాళిదాసు శాకుంతలం రెండవ అంకంలో తాపసులను ఈ మణితో పోలుస్తాడు. తాకితే చల్లగానే ఉంటుంది, పరతేజస్సు తనను ఆక్రమిస్తే మాత్రం లోపలి వేడిని వెలిగక్కుతుంది అని భావం. ఎంతో చక్కని ఉపమానం. కాని ఉపమానం యంత్రనిర్మాణానికి పటం కాదు. ముఖము చంద్రబింబము అన్న కవికి చంద్రమండల యాత్ర తెలుసునని ఎవరైనా అంటారా?

కావ్యాలను విడిచి శాస్త్రానికి వస్తే, యాస్కుని నిరుక్తం సప్తమాధ్యాయంలో ఒక ముఖ్యమైన మాట ఉంది. వైశ్వానరుడు అంటే ఎవరు, సూర్యుడా, మెరుపా, ఈ భూమిమీది అగ్నియా అన్న చర్చ సందర్భమది. ఈ అగ్ని పై తేజస్సుల నుండి పుట్టిందని చెప్పడానికి ఒక దృష్టాంతం ఇస్తాడు. కంచును గాని మణిని గాని బాగా తోమి, సూర్యునికి అభిముఖంగా, ఎండిన గోమయం ఉన్నచోట, దానికి తగలకుండా పట్టుకుంటే అది మండుతుంది అని తాత్పర్యం.

దయచేసి ఆ మాటలోని నిక్కచ్చితనం గమనించండి. కంచు గాని మణి గాని అన్నాడు, అంటే ప్రతిఫలించేదైనా సరే, లోపలినుంచి వెలుతురు పోనిచ్చేదైనా సరే. తోమాలన్నాడు. గోమయం ఎండినదై ఉండాలన్నాడు. అన్నిటికంటె ముఖ్యం, "తగలకుండా" అన్నాడు. తగిలించి పెడితే ఎండ ఒకచోటికి చేరే ఎడమే ఉండదు. చేసి చూసినవాడు గాని, చేసినవాణ్ణి దగ్గరుండి చూసినవాడు గాని తప్ప ఆ ముక్క చెప్పలేడు. ఎంత చూశాడో అంతే చెప్పాడు. పిడక మండిందన్నాడు, కుండ మరిగిందనలేదు, చక్రం తిరిగిందనలేదు.

ఇదీ మన వారసత్వం. దీనికి గర్వపడదాం, నేను ముందుంటాను. కాని ఇంత నిజాయితీగా చెప్పిన మనిషి నోట్లో ఆయన అనని ఆవిరియంత్రాన్ని కుక్కితే అది గౌరవమెట్లా అవుతుంది? సాక్షి చెప్పిన మాటకు నాలుగు కల్పనలు చేర్చితే కోర్టులో సాక్ష్యమంతా కొట్టుకుపోతుంది. రేపు ఆ చార్టును చూసి పరీక్షకుడు నవ్వితే, ఆ నవ్వులో యాస్కుడు కూడా కొట్టుకుపోతాడు.

ఈ వయసులో నేను కూడా చేసి చూద్దామనుకున్నాను. ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం మేడమీదకు ఒక పిడక, ఇంట్లో ఉన్న కంచుగిన్నె, నేను నిఘంటువు చూసుకొనే భూతద్దం పట్టుకుపోయాను. గిన్నెను చింతపండుతో తళతళలాడేటట్టు తోమాను. గంటసేపు తిప్పలుపడ్డా పొగ రాలేదు. దోషం యాస్కునిది కాదు, గిన్నె వంపుది గాని నా చేతకానితనానిది గాని. భూతద్దంతో మాత్రం చుక్కంత వెలుగు పిడకమీద నిలవగానే పొగ లేచింది. పిల్లవాడిలాగా కేకవేశాను. మా ఆవిడ పైకి వచ్చి, ఎండదెబ్బ తగిలిందేమోనని నా నుదుటిమీద చెయ్యి వేసి చూసింది.

తరువాత అదే భూతద్దం కింద గ్లాసెడు నీళ్ళు పెట్టాను. అరగంటకు నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. ఆ మాటకు వస్తే ఎండలో ఊరికే పెట్టినా అంతే ఉండేవేమో.

ఎందుకిట్లా? నాతోపాటు పనిచేసి విశ్రాంతి పొందిన భౌతికశాస్త్రం మాస్టారి దగ్గరకు వెళ్ళి లెక్క వేయించాను. నా అద్దం అడ్డుకొలత 10 సెంటీమీటర్లు. నడినెత్తి ఎండలో చదరపు మీటరు మీద పడే శక్తి సుమారు 1000 వాట్లు. ఆ లెక్కన నా అద్దం మీద పడేది 8 వాట్లకు కొంచెం తక్కువ. గాజులో కొంత పోగా 7 వాట్లనుకుందాం. గ్లాసులో 200 మిల్లీలీటర్ల నీళ్ళను 30 డిగ్రీల నుండి 100 డిగ్రీలకు తేవాలంటే, ఒక్క రవ్వ వేడి కూడా బయటికి పోకపోతే, దానికి 2 గంటల 20 నిమిషాలు. ఆ మరిగే నీటిని పూర్తిగా ఆవిరి చేయడానికి మరొక 18 గంటలు. అంత పొడుగు పగలు ఏ ఋషికీ దొరకదు. పైగా నిజానికి గ్లాసులోకి వచ్చే వేడి వచ్చినట్టే గాలిలోకి పోతుంది కనుక నీరు ఎప్పటికీ మరగదు.

సంగతి ఏమిటంటే, చుక్కంతచోట తీవ్రమైన వేడి పుట్టించడం వేరు, పనికి సరిపడినంత వేడిని పోగుచేయడం వేరు. పిడకకు మొదటిది చాలు, ఒక చుక్క అంటుకుంటే మిగిలినది తానే మండుతుంది. నీటికి రెండవది కావాలి. అద్దం ఎండను ఒకచోటికి చేరుస్తుందే గాని పెంచదు. ఎంత వైశాల్యం మీద ఎండ పడిందో అంతే శక్తి.

మరి యంత్రం నడవాలంటే? ఒక్క అశ్వశక్తి అంటే 746 వాట్లు. పాతకాలపు చిన్న ఆవిరియంత్రం తనకిచ్చిన వేడిలో నూటికి ఐదు పాళ్ళు పనిగా మార్చగలిగిందని ఉదారంగా అనుకున్నా, దానికి దాదాపు 15,000 వాట్ల వేడి అందించాలి. అద్దాలలో, బాయిలరులో సగం నష్టమనుకుంటే 30 చదరపు మీటర్ల అద్దం కావాలి. అంటే ఐదు మీటర్ల వెడల్పు, ఆరు మీటర్ల పొడవు. అంత సూర్యకాంతమణి ఏ రాజు బొక్కసంలో ఉండేది? సూర్యుడు గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతాడు కనుక ఆ అద్దాన్ని పగలంతా తిప్పుతూ ఉండాలి. ఒత్తిడికి పగలని లోహపు బాయిలరు కావాలి, ఆవిరి కారిపోకుండా ముషలకం బిగువుగా ఆడే గొట్టం కావాలి. ఐరోపాలోనైనా న్యూకమెన్ యంత్రం గనులలో నీళ్ళు తోడడం మొదలుపెట్టింది 1712లో. అదైనా ఒక్కడి మేధలోంచి ఊడిపడలేదు. గనులలో నీరు నిండి పని ఆగిపోతుంటే, కమ్మరులూ ఇనుము పోతపోసేవాళ్ళూ తరాల తరబడి చెమటోడ్చిన మీదట వచ్చింది. "రాయితో నిప్పు పుట్టించినవాళ్ళకు అదొక లెక్కా" అని నేను తరగతిలో అన్న మాట మన ఋషులకు పొగడ్త కాలేదు సరికదా, లోకంలోని కమ్మరులందరికీ అవమానమయింది.

ఇటువంటి కథలు మనకే ఉన్నాయని అనుకోకండి. గ్రీకులకూ ఉంది. సిరక్యూజు మీదకు వచ్చిన రోమను ఓడలను ఆర్కిమెడీసు అద్దాలతో కాల్చాడని చెప్పుకుంటారు. అక్కడివాళ్ళు ఏమి చేశారో చూడండి. 1747లో బుఫాన్ అనే ఫ్రెంచి పండితుడు 168 చిన్న అద్దాలను చట్రంలో అమర్చి, దూరాన ఉన్న కొయ్యను అంటించి చూశాడు. కథ నిజమా అబద్ధమా అని జుట్లు పట్టుకోలేదు, సాధ్యమా కాదా అని పరీక్షించాడు. ఓడల కథ అప్పటికీ రుజువు కాలేదు. కాని ఎన్ని అద్దాలు కలిస్తే ఎంత దూరాన కొయ్య అంటుకుంటుందో లోకానికి తెలిసింది. మన కథకు మనమెవరమైనా ఆ పని చేశామా?

ఇప్పుడు మీకు ఒక బడిపంతులు కథ చెప్పాలి. మన వృత్తివాడే. ఆగస్టిన్ మూషో అని ఫ్రాన్సు దేశంలో లెక్కల మాస్టారు. బొగ్గు ఎప్పటికైనా అయిపోతుంది, అప్పుడు పరిశ్రమలు ఏమైపోతాయి అన్న బెంగతో 1860 ప్రాంతంలో ఎండమీద ప్రయోగాలు మొదలుపెట్టాడు. నల్లపూత పూసిన రాగి బాయిలరు, దానిమీద వేడిని పోనివ్వని గాజు కప్పు, చుట్టూ ఎండను దానివైపు మళ్ళించే గరాటు వంటి అద్దం, ఇదీ ఆయన పద్ధతి. 1869లో సౌరతాపం మీద పుస్తకం వ్రాశాడు. 1878 పారిసు ప్రపంచ ప్రదర్శనలో సుమారు 20 చదరపు మీటర్ల అద్దంతో ఆవిరియంత్రం నడిపి, ఎండ వేడితోనే మంచుగడ్డ తయారుచేసి చూపించాడు. నిప్పుతో మంచు! బంగారు పతకం ఇచ్చారు. 1882లో ఆయన సహచరుడు అబెల్ పీఫ్ర్ పారిసు తోటలో ఎండయంత్రంతో అచ్చుయంత్రం తిప్పి, "సూర్యపత్రిక" అన్న అర్థం వచ్చే పేరుతో గంటకు 500 ప్రతులు ముద్రించాడు.

తరువాత? ఇంగ్లండు బొగ్గు చవకగా వచ్చిపడుతున్నది, రైళ్ళు దానిని మూలమూలలకూ చేరుస్తున్నాయి. ఎండయంత్రం గిట్టుబాటు కాదని తేల్చారు. మూషో తన లెక్కలకు తాను తిరిగిపోయాడు. 1912లో పారిసులో పేదరికంలో కన్నుమూశాడు.

మనదేశం సంగతి చెప్పకుండా ఫ్రాన్సు గొడవ ఏమిటి అంటారా? వస్తున్నాను. సరిగ్గా ఆ 1878లోనే బొంబాయిలో విలియం ఆడమ్స్ అనే ఇంగ్లీషు ఉద్యోగి ఒక పుస్తకం అచ్చువేయించాడు. ఉష్ణదేశాలలో కట్టెలకు బదులు సూర్యతాపం అన్నది దాని విషయం. పెద్ద వంపు అద్దాలు చేయించడం కష్టమని, చవకగా దొరికే చిన్న చదునుటద్దాలను వరుసలుగా ఒక చట్రంలో అమర్చి, అన్నిటి వెలుగూ ఒకే బాయిలరు మీద పడేటట్టు చేశాడు. ఆ ఆవిరితో రెండున్నర అశ్వశక్తి పంపును నడిపించాడు. ఎండపొయ్యి చేసి అన్నం కూడా వండించాడు. వాట్సప్ సందేశం చెప్పిన అద్భుతం మన గడ్డమీద, మన ఎండలో, ఊరూ పేరూ సంవత్సరమూ సహా నిజంగానే జరిగింది. దానిని ఎవరూ పదిమందికి పంపరు. చేసినవాడు మనవాడు కాడట! ఎండ మనదే గదయ్యా!

ఇక్కడే నాకు కోపం వస్తుంది. "మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి" అన్న సామెత మన పూర్వులు ఊరికే పుట్టించలేదు. తాగని నేతికి మూతి చూపిస్తాం, కళ్ళెదుట కాగిన నేతిని పారబోస్తాం. జరగనిదానికి పండుగ చేస్తాం, జరిగినదానికి పాఠం వ్రాయం. ఆడమ్స్ పేరు నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఏ పాఠ్యపుస్తకంలోనూ చూడలేదు. తప్పు పిల్లలదా?

ఇక రెండవ పక్షంవారి సంగతి. లెక్క వేసి ఇచ్చిన మా సైన్సు మాస్టారు చివర ఒక నవ్వు నవ్వి, "ఇదంతా బొమ్మలాట పంతులుగారూ. నడిచేదైతే ఈపాటికి నడిచేది" అన్నారు. వాట్సప్ వారి గుడ్డి నమ్మకం ఎంత బద్ధకమో ఈ గుడ్డి అపనమ్మకమూ అంతే బద్ధకం అని ఆయనతోనే అన్నాను. (మా స్నేహం చెడలేదు, కాఫీ వచ్చింది.)

బొమ్మలాట కాదు. 1913లో ఈజిప్టులో, కైరో దగ్గర మాదీ అన్నచోట, ఫ్రాంక్ షూమన్ అనే అమెరికావాడు ఐదు పొడవైన అద్దపు తొట్లు కట్టాడు. ఒక్కొక్కటి 62 మీటర్లు. వాటి నాభిలో పోయే గొట్టాలలో పుట్టిన ఆవిరితో పంపు నడిపి, నిమిషానికి 6000 గాలన్ల నైలునది నీరు పొలాలకు తోడాడు. మరుసటి ఏడు ప్రపంచయుద్ధం వచ్చింది. పనివారు చెదిరిపోయారు, యంత్రాన్ని ఊడదీశారు. యుద్ధం ముగిసే ఏడు, 1918లో, షూమన్ పోయాడు. తరువాత కాలమంతా చమురుది. ఆగిపోయిన యంత్రమంతా నడవని యంత్రం కాదు. చవక బొగ్గు ఒకదానిని ఆపింది, యుద్ధం ఒకదానిని ఆపింది.

మన తెలుగునేల మీదకే రండి. తిరుమలలో 2002లో భక్తుల అన్నప్రసాదం వంటకు ఎండ ఆవిరి ఏర్పాటు చేశారు. షెఫ్లర్ అనే ఆయన రూపొందించిన పద్ధతిలో 106 అద్దపు పళ్ళాలు సూర్యుని వెంట తిరుగుతూ రోజుకు 4000 కిలోల ఆవిరి పుట్టించాలని, 15,000 మందికి వంట కావాలని దాని లెక్క. అక్కడ ఆవిరి చక్రం తిప్పలేదు, అన్నం వండింది. చక్రం తిప్పినది కావాలంటే అనంతపురం జిల్లాలో 2014లో పూర్తయిన 50 మెగావాట్ల కేంద్రం ఉంది. అద్దపు తొట్లు గొట్టాలలోని నూనెను కాచడం, నూనె నీటిని ఆవిరి చేయడం, ఆవిరి టర్బైనును తిప్పడం, షూమన్ ఆలోచనే పెద్దదయి వచ్చింది.

లోపాలు దాచను. అద్దం నాభిలోకి చేర్చగలిగేది సూటిగా వచ్చే కిరణాన్నే. మబ్బు పట్టినా, గాలిలో దుమ్ము చెదరగొట్టినా, వెలుతురు ఎంత ఉన్నా ఒకచోటికి చేరదు. నేలమీద నీడ ఎంత పదునుగా పడితే ఈ యంత్రం అంత బాగా పనిచేస్తుంది. సౌరఫలకాలు మసక వెలుతురులో కూడా కొంత విద్యుత్తునిస్తాయి, వాటి ధర కూడా బాగా పడిపోయింది. కనుకనే మనదేశంలో ఎండ ఆవిరి కేంద్రాలు వెనుకబడ్డాయి. ఇది వాదానికి ఓటమి కాదు. ఎక్కడ పనికివస్తుందో ఎక్కడ రాదో తెలియడమే చదువు.

కొందరు మిత్రులు అనబోయేది నాకు వినిపిస్తూనే ఉంది. "పోనీండి పంతులుగారూ, పిల్లలకు కాస్త స్వాభిమానం కలుగుతుంటే మీకేం నష్టం? రెండు వందల ఏళ్ళు మనల్ని చేతకానివాళ్ళన్నారు. దానికి ఇది విరుగుడు." ఆ బాధ నాకు తెలుసు. 1988లో నాచేత ఆ మాట అనిపించింది కూడా అదే. కాని నష్టం ఏమిటో చెప్పాను గదా! వెనుక బెంచీలో కూర్చోబెట్టబడిన పిల్ల, అదీ నష్టం. "మనవాళ్ళకు అన్నీ తెలుసు" అన్న వాక్యం తరువాత ప్రశ్నకు చోటుండదు, ప్రశ్న అడిగినవాడు కులద్రోహి అయిపోతాడు. యాస్కుడు తన గ్రంథంలో ఎదుటివారి వాదాలను పేర్లతో సహా చెప్పి, ఒక్కొక్కదానికి సమాధానం చెప్పుకుంటూ పోయాడు. ఆయనకు లేని భయం మనకెందుకు? పూర్వపక్షం లేని శాస్త్రం మన సంప్రదాయంలోనే లేదు. ప్రశ్నను అణచినవాడు సంప్రదాయవాది ఎట్లా అవుతాడు?

ఆ పిల్లకు ఆనాడు చెప్పవలసిన సమాధానం ఇన్నేళ్ళకు చెబుతున్నాను.

అమ్మా, నువ్వడిగినది సరైన ప్రశ్న. నేను చెప్పినది తప్పు. రాయి పెడితే సరిపోదు. మీ నాన్న పనిచేసే బాయిలరు గంటకు వెయ్యి కిలోల ఆవిరి ఇస్తుందనుకుంటే, దానికి మిట్టమధ్యాహ్నపు ఎండలోనైనా అద్దాలే 35 సెంట్ల వైశాల్యం కావాలి. ఒకదాని నీడ ఒకదానిమీద పడకుండా ఎడంగా పెడితే ఎకరం దాకా పడుతుంది. తిరుమలలో 106 పళ్ళాలు రోజంతా ఇచ్చే ఆవిరి మీ మిల్లుకు నాలుగు గంటలకు సరిపోతుంది. రాత్రి, ముసురు పట్టిన రోజు, మన గోదావరి వానాకాలం, అప్పుడు ఏమి చేయాలి? అందుకని మీ నాన్న ఊక వేస్తున్నాడు. ఆ ఊక ఎక్కడిది? వరిచేను నాలుగు నెలలు ఎండను తాగి, గింజ చుట్టూ కట్టుకున్న తొడుగది. ఎండను దాచుకొని, రాత్రిపూట కూడా వాడుకొనే ఉపాయం చేలోనే ఉంది. మీ నాన్న పొయ్యిలో వేసేది ఎండనేనమ్మా. కాకపోతే అద్దం చేయవలసిన చాకిరీ మీ నాన్న చేతులు చేస్తున్నాయి. ఆ చాకిరీ తప్పించే దారి ఉందా అని అడిగావు చూడు, మూషో అడిగినదీ ఆడమ్స్ అడిగినదీ అదే.

ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి నాకు ఆనాడు సైన్సు రాకపోవడం అడ్డం కాలేదు. "నాకు తెలియదమ్మా, కనుక్కొని రేపు చెబుతాను" అనడానికి నోరు రాకపోవడం అడ్డమయింది.

నా పూర్వవిద్యార్థికి మళ్ళీ ఫోను చేశాను. "నాయనా, నేను ఆనాడు చెప్పినది తప్పు. ఆ చార్టుకింద నా పేరు వేయవద్దు" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. నొచ్చుకున్నాడని తెలుస్తూనే ఉంది. "మరి మావాడికేం చెప్పమంటారండీ?" అన్నాడు. పిల్లవాణ్ణి ఇమ్మన్నాను. పిడక, భూతద్దం, గ్లాసెడు నీళ్ళు, ఒక ఉష్ణమాపకం, గడియారం పెట్టుకొని, పది నిమిషాలకొకసారి ఎంత వేడెక్కిందో వ్రాయమన్నాను. పైన యాస్కుని పేరు, కింద బొంబాయి ఆడమ్స్ పేరు పెట్టమన్నాను. మధ్యలో "నేను చేసి చూశాను" అని తన పేరు వ్రాసుకోమన్నాను.

వాడు వెంటనే అడిగాడు: "తాతగారూ, అద్దాలు ఎక్కువ పెడితే నీళ్ళు మరుగుతాయాండీ?"

ఈసారి నేను కూర్చోమనలేదు. "ఎన్ని కావాలో నువ్వే లెక్క కట్టి చెప్పరా" అన్నాను.

బ్లాగ్మిత్రులకు ఒక మనవి. మీలో సైన్సు చదివినవారు, యంత్రాలతో పనిచేసేవారు చాలామంది ఉన్నారు. మూషో గురించి, ఆడమ్స్ గురించి, షూమన్ గురించి తెలుగులో పిల్లలకు అర్థమయ్యేటట్టు వ్రాయండి. నా లెక్కలలో తప్పులుంటే వ్యాఖ్యలలో నిర్మొహమాటంగా దిద్దండి. అబద్ధం పదిమందికి చేరే వేగంలో నిజం కనీసం ఒక్కరికైనా చేరాలి గదా.

గోదావరి డెల్టాలో ఒకప్పుడు ఉప్పుడు మిల్లు బాయిలరు దగ్గర పనిచేసిన తండ్రికి పుట్టి, తెలుగు పీరియడ్‌లో ఒక ప్రశ్న అడిగి కూర్చున్న పిల్ల ఎవరైనా ఇది చదివితే, ఈ మాస్టారిని క్షమించకపోయినా సరే, ఆ ప్రశ్న మాత్రం మానవద్దని చెప్పండి.

సెలవు.